స్టూడెంట్ డిస్కౌంట్ కార్డు కొనాలా, చేతిలో ఉన్న ఐడీతో సరిపెట్టుకోవాలా?

యూనివర్సిటీలో చేరిన మొదటి వారంలోనే డిస్కౌంట్ కార్డుల ప్రచారం చుట్టుముడుతుంది. వందల దుకాణాల లోగోలు, "50 శాతం దాకా తగ్గింపు" అని పెద్ద అక్షరాలు, అడుగున కంటికి ఆనని షరతులు. ముందు ఆ "దాకా" అన్న మాట దగ్గర ఆగండి. ఒకే ఒక్క చోట 50 శాతం ఇచ్చి, మిగతా అన్నిచోట్లా 5, 10 శాతంతో సరిపెట్టినా ఆ వాక్యం అబద్ధం కాదు. కార్డు విలువ లోగోల లెక్కతో తేలదు. మీరు ఎలాగూ డబ్బు పెట్టే నాలుగైదు చోట్ల, ఆ కార్డు లేకుండా దొరికే ధరకన్నా ఇంకా ఎంత తగ్గుతుందో చూస్తే తేలుతుంది.

విద్యార్థి ముందున్న దారులు నాలుగు. కాలేజీ ఇచ్చిన ఐడీ కార్డు, ఈమెయిల్ మొదటిది. యూనిడేస్, స్టూడెంట్ బీన్స్ లాంటి ఉచిత యాప్‌లు రెండోది. డబ్బు కట్టి తీసుకునే కార్డులు మూడోది. దేశాలు దాటినా చెల్లే వాటిలో అందరికీ తెలిసింది ఐసిక్ (ISIC) అనే అంతర్జాతీయ విద్యార్థి గుర్తింపు కార్డు. రవాణా సంస్థలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు, బ్యాంకులు మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా ఇచ్చే విద్యార్థి ధరలు నాలుగోది. చాలామంది మూడోదానితో మొదలుపెట్టి, మిగతా మూడూ ఉన్నాయని ఏడాది తర్వాత తెలుసుకుంటారు. మా సలహా దానికి తలకిందులు: ఉచితంగా వచ్చేవన్నీ ముందు తీసేసుకోండి. వాటితో తీరని ఖర్చు ఏదైనా మిగిలితే, ఆ ఒక్కదాని కోసం కార్డు కొనాలో వద్దో లెక్కవేయండి.

జేబులో ఉన్న ఐడీ

కాలేజీ ఐడీని తక్కువగా అంచనా వేస్తారు. మ్యూజియాలు, ప్రదర్శనలు, నాటకాలు, సినిమా హాళ్లు, ఈత కొలనులు, క్యాంపస్ చుట్టుపక్కల ఫొటోకాపీ షాపులు, కళ్లద్దాల షాపులు... విద్యార్థి ధర ఉన్న చాలాచోట్ల ఈ ఐడీ చూపిస్తే చాలు. ఇలాంటి రాయితీలు ఏ యాప్‌లోనూ కనిపించవు. అడిగితేనే తెలుస్తాయి.

అడిగే సమయం కూడా ముఖ్యమే. బిల్లు కొట్టాక "స్టూడెంట్‌ని" అంటే, ఆ బిల్లు రద్దుచేసి కొత్తది కొట్టాలి. రద్దీ వేళ ఆ పని ఎవరూ పెట్టుకోరు, పైగా రద్దు చేయాలంటే కౌంటర్‌లో ఉన్న మనిషికి మేనేజర్ అనుమతి కావాల్సి రావచ్చు. వస్తువు ముందు పెట్టకముందే అడగండి.

ఐడీతో వచ్చే చిక్కు గడువు తేదీది. చాలా కాలేజీ ఐడీల మీద చేరిన సంవత్సరం ఉంటుంది కానీ ముగిసే తేదీ ఉండదు. తేదీ లేని ఐడీని కౌంటర్‌లో కాదంటే వాదించి లాభం లేదు. ఈ విద్యా సంవత్సరపు ఫీజు రసీదో, బోనఫైడ్ సర్టిఫికెట్టో ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. రెండూ కలిపి చూపిస్తే సాధారణంగా పని జరుగుతుంది.

ఇంకో సంగతి: కొన్నిచోట్ల విద్యార్థి ధర కన్నా వయసును బట్టి ఇచ్చే ధరే మెరుగు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 18 ఏళ్లలోపు వాళ్లందరికీ, యూరోపియన్ ఆర్థిక ప్రాంతంలో (ఐరోపా సమాఖ్య దేశాలు, నార్వే, ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టెయిన్) నివసించే 26 ఏళ్లలోపు వాళ్లకీ ప్రవేశం ఉచితంగా ఇస్తుంది. అక్కడ అడిగేది వయసుకీ నివాసానికీ రుజువు. ఎంత ఖరీదైన స్టూడెంట్ కార్డు తీసి చూపించినా అక్కడ దాని అవసరమే లేదు. టికెట్ ధరల పట్టికలో "స్టూడెంట్" అన్న వరుస ఒక్కటే చూసి ఆగిపోకండి. దాని పైనా కిందా ఉన్న వయసు వరుసలు కూడా చదవండి.

ఉచిత యాప్‌లు

యూనిడేస్, స్టూడెంట్ బీన్స్ విద్యార్థి దగ్గర రుసుము తీసుకోవు. వాటికి డబ్బిచ్చేది బ్రాండ్లు. ఈ ఒక్క విషయం గుర్తుంటే యాప్ తీరు అర్థమవుతుంది: పైన మెరిసే ఆఫర్ మీకు ఎక్కువ మిగిల్చేదే కానక్కర్లేదు. కాబట్టి యాప్ తెరిచి "ఏం కొందామా" అని వెతక్కండి. కొనాల్సింది ముందే తేల్చుకుని, చివర్లో ఆ బ్రాండ్ పేరు కొట్టి కోడ్ ఉందో లేదో చూడండి.

రెండింటిలో ఏది అంటే, రెండూ. ఉచితమే కదా, ఒకదాన్నే ఎంచుకోవాల్సిన పనిలేదు. ఒక బ్రాండ్ ఒకదానిలో ఉండి రెండోదానిలో ఉండకపోవచ్చు, రెండింట్లో ఉన్నా శాతం వేరుగా ఉండొచ్చు. కంపెనీ సొంత వెబ్‌సైట్ అడుగున "స్టూడెంట్ డిస్కౌంట్" అన్న లింకు ఉంటే అదీ నొక్కి చూడండి. చాలాసార్లు అది ఈ యాప్‌లలో ఒకదానికే తీసుకెళ్తుంది, అలా ఏ యాప్‌లో వెతకాలో తెలిసిపోతుంది.

యాప్‌లో వచ్చే కోడ్‌లు ఎక్కువగా ఒకసారి వాడేవి. నొక్కగానే కోడ్ పుడుతుంది, గడియారం మొదలవుతుంది. కార్ట్ నింపి, చిరునామా ఇచ్చి, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లాకే కోడ్ తీసుకోండి. ముందే తీసుకుని దాచుకుంటే గడువు తీరిపోయి, కొత్త కోడ్ కోసం ఆగాల్సి రావచ్చు. దుకాణంలో చూపించే కోడ్ అయితే మీ వంతు వచ్చాకే తెరవండి. కొన్నింటి మీద నిమిషాల టైమర్ ఉంటుంది, ఆ నిమిషాల్లోనే దుకాణంలో నెట్‌వర్క్ పోతుంది.

వెరిఫికేషన్ ఎందుకు తిరగ్గొడుతుంది

యాప్ అయినా, సాఫ్ట్‌వేర్ కంపెనీ అయినా మీరు విద్యార్థి అని తేల్చుకునే పద్ధతులు మూడే. కాలేజీ పోర్టల్‌లో మీ చేత లాగిన్ చేయించడం, కాలేజీ ఈమెయిల్‌కి లింకు పంపడం, పత్రం అప్‌లోడ్ చేయమనడం. మొదటి రెండూ నిమిషాల్లో అయిపోతాయి. మూడోదానికి మనిషి చూడాల్సి వస్తే రోజులు పట్టొచ్చు. రేపు ముగిసే సేల్ కోసం ఇవాళ వెరిఫికేషన్ మొదలుపెట్టకండి. చేరిన వారంలోనే, తీరిగ్గా ఉన్నప్పుడు పూర్తిచేసి పెట్టుకోండి.

పత్రం తిరస్కరణకు గురయ్యేది చాలావరకు పేరు వల్లే. పత్రంలో ఇంటిపేరు ముందుండి, ఖాతాలో చివర ఉంటుంది. లేదా పత్రంలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉండి, ఖాతాలో పూర్తిగా ఉంటుంది. మన పేర్లతో ఇది మరీ ఎక్కువ. ఖాతా తెరిచేటప్పుడే కాలేజీ రికార్డులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. పాస్‌పోర్టులో ఒకలా, కాలేజీ రికార్డులో ఇంకోలా ఉంటే, ఈ పని వరకూ కాలేజీ రికార్డే లెక్క.

తర్వాతి కారణం తేదీ. షీర్‌ఐడీ లాంటి తనిఖీ సంస్థలు పత్రంలో మూడు విషయాలు వెతుకుతాయి: మీ పూర్తి పేరు, విద్యాసంస్థ పేరు, ఈ విద్యా సంవత్సరంలో పడే ఒక తేదీ. ఐడీలో తేదీ లేకపోతే దాన్ని పంపకండి. ఫీజు రసీదు గానీ, ఈ సెమిస్టర్ టైమ్‌టేబుల్ గానీ పంపండి. మూడూ ఒకే పేజీలో, ఒకే ఫొటోలో కనిపించాలి. అంచులు కత్తిరించకుండా, ప్లాస్టిక్ కవర్ మీద వెలుగు పడి అక్షరాలు మాసిపోకుండా తీయండి. మార్కులు, జాతీయ గుర్తింపు సంఖ్య, ఇంటి చిరునామా లాంటివి వాళ్లకు అక్కర్లేదు. వాటిని కప్పేసి తీయొచ్చు. పేరు, సంస్థ, తేదీ మాత్రం కప్పకండి.

చదువు ముగించిన పాత విద్యార్థుల ఈమెయిల్ డొమైన్ (@ తర్వాతి భాగం) వేరేగా ఉంటే వెరిఫికేషన్ అక్కడే ఆగిపోతుంది. పరిశోధక విద్యార్థులకు ఇంకో ఇబ్బంది: వాళ్లకు సిబ్బంది తరహా ఈమెయిలో, సిబ్బంది ఐడీయో ఉంటే విద్యార్థుల జాబితాలో దొరకరు. వాళ్లు నమోదు పత్రంతోనే వెళ్లాలి. వీపీఎన్ ఆన్‌లో ఉంటే మీరు చెప్పే దేశమూ, కనెక్షన్ చూపించే దేశమూ కలవక తిరగ్గొట్టొచ్చు. వెరిఫికేషన్ అయ్యేదాకా ఆపేయండి. ఇంకా తరగతులు మొదలుకాని వాళ్ల పరిస్థితి సంస్థను బట్టి మారుతుంది. ఆపిల్ విద్యా ధరలు సీటు ఖాయమైన కొత్త విద్యార్థులకు కూడా వర్తిస్తాయి, చాలా యాప్‌లు మాత్రం నమోదు పూర్తయ్యేదాకా ఒప్పుకోవు.

ఒక జాగ్రత్త. పోర్టల్ లాగిన్ అడిగినప్పుడు తెరుచుకున్న పేజీ చిరునామా మీ కాలేజీదే అయ్యుండాలి. డిస్కౌంట్ ఇస్తామంటూ తమ సొంత పేజీలోనే మీ కాలేజీ పాస్‌వర్డ్ అడిగితే ఆ పేజీ మూసేయండి. ఆ పాస్‌వర్డ్‌తో పోయేది డిస్కౌంట్ ఒక్కటే కాదు, మీ మార్కుల ఖాతా కూడా.

డబ్బు కట్టే కార్డు ఎప్పుడు గిట్టుబాటు

ఇక్కడ అభిప్రాయాలు అక్కర్లేదు, ఒక భాగహారం చాలు. కార్డు ఇచ్చే శాతంలోంచి, కార్డు లేకుండానే దొరికే శాతం తీసేయండి. మిగిలిన తేడాతో కార్డు ఫీజును భాగించండి. వచ్చిన అంకె, ఫీజు తిరిగి రావడానికి మీరు పెట్టాల్సిన ఖర్చు.

కార్డు ఫీజు 150 అనుకుందాం, ఏ దేశపు డబ్బైనా సరే. ఒక దుకాణంలో కార్డుకు 10 శాతం వస్తుంది, ఉచిత యాప్‌లో 5 శాతం వస్తుంది. తేడా 5 శాతం. 150ని 0.05తో భాగిస్తే 3,000. అంటే ఆ దుకాణంలో 3,000 ఖర్చుపెట్టేదాకా కార్డు మీకు ఒక్క పైసా మిగల్చలేదు, పెట్టిన ఫీజే తిరిగొచ్చింది. 10 శాతం మొత్తం చూసి "1,500 చాలు" అనుకోవడం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. యాప్‌లోనూ 10 శాతమే ఉంటే తేడా సున్నా. ఎంత ఖర్చుపెట్టినా ఫీజు తిరిగి రాదు.

ఈ లెక్క వేయడానికి పోయిన మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. కార్డు జాబితాలో ఉన్న దుకాణాల పేర్లు అందులో ఎన్ని కనిపిస్తాయో చూడండి. "ఇకమీదట అక్కడ కొంటాను" అన్న ఊహను లెక్కలోకి తీసుకోకండి. కార్డు ఉంది కదా అని అలవాటులేని దుకాణానికి వెళ్తే 10 శాతం మిగలదు, 90 శాతం కొత్త ఖర్చు పుడుతుంది.

ఒక ఏడాది కార్డా, మూడేళ్ల కార్డా అన్నది తర్వాతి ప్రశ్న. ఏడాదికి 150, మూడేళ్లకు 350 అంటే చూడగానే మూడేళ్లదే చౌక అనిపిస్తుంది. విడిగా మూడుసార్లు కొంటే 450 కాబట్టి 100 మిగిలే మాట నిజమే. కానీ రెండేళ్లే వాడితే విడిగా 300తో పోయేది, మీరు 350 కట్టారు. మూడో ఏడు కూడా వాడతానన్న నమ్మకం ఉంటేనే మూడేళ్లది లాభం. ఇంటర్న్‌షిప్ మీద వేరే ఊరు వెళ్లేవాళ్లు, కోర్సు మారే ఆలోచన ఉన్నవాళ్లు ఏడాదిదే తీసుకోవాలి. మొదటి ఏడాదిలో ఎంత మిగిలిందో ఫోన్‌లో ఒక నోట్ తెరిచి రాసుకుంటే, రెండో ఏడు కొనాలో వద్దో ఆ నోటే చెబుతుంది.

ఇక ఐసిక్. అంతర్జాతీయ విద్యార్థి గుర్తింపు కార్డు 1953లో మొదలైంది, 1968 నుంచి యునెస్కో గుర్తింపు ఉంది. వందకు పైగా దేశాల్లో దొరుకుతుంది. పూర్తికాల విద్యార్థులకే ఇస్తారు. విద్యార్థులు కాని, 30 ఏళ్ల దాకా వయసున్న యువత కోసం అదే సంస్థ ఐవైటీసీ అని వేరే కార్డు ఇస్తుంది. ఐసిక్ అసలు పని దుకాణాల్లో తగ్గింపు కాదు, మీ కాలేజీ పేరు కూడా వినని దేశంలో మీరు విద్యార్థి అని నిరూపించడం. అక్కడి టికెట్ కౌంటర్‌లో తెలుగులో గానీ, మరో పరాయి లిపిలో గానీ ఉన్న కాలేజీ ఐడీ ఎవరికీ అర్థం కాదు, ఐసిక్ అర్థమవుతుంది. కాబట్టి చదువుకాలంలో ఒక్కసారైనా విదేశీ ప్రయాణం ఉన్నవాళ్లకు దీని మీద ఆలోచన పెట్టొచ్చు. సొంత ఊళ్లోనే తిరిగేవాళ్లకు చాలాసార్లు ఉచిత యాప్‌లతోనే పని అయిపోతుంది.

ఐసిక్‌లో గడువు కిటుకు ఉంది. చాలా దేశాల్లో ఈ కార్డు విద్యా సంవత్సరాన్ని బట్టి, సెప్టెంబర్ నుంచి మరుసటి సంవత్సరం డిసెంబర్ చివరి దాకా, గరిష్ఠంగా 16 నెలలు చెల్లుతుంది. అలాంటి చోట సెప్టెంబర్‌లో కొన్నవాళ్లకీ, తర్వాతి మేలో కొన్నవాళ్లకీ ఫీజు ఒకటే, ముగిసే తేదీ కూడా ఒకటే. మేలో కొన్నవాళ్లకు దక్కేది దాదాపు సగం కాలం. కొన్నిచోట్ల తీసుకున్న రోజు నుంచి 12 నెలలు లెక్కిస్తారు. డబ్బు కట్టే ముందు కార్డు మీద పడబోయే ముగింపు తేదీ చూసి, అవసరం లేకపోతే కొత్త విడత మొదలయ్యేదాకా ఆగండి. ప్రయాణమే కారణమైతే మాత్రం టికెట్లు, మ్యూజియం పాసులు బుక్ చేయకముందే కొనాలి. బుక్ చేశాక కార్డు చూపిస్తే తేడా తిరిగివ్వరు.

కోడ్ పడినా డబ్బు మిగలని సందర్భాలు

తెర మీద "డిస్కౌంట్ వర్తించింది" అని పచ్చగా వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. ఉచిత డెలివరీ పరిమితి ఒక ఉదాహరణ. 500 దాటితే డెలివరీ ఉచితం, లేకపోతే 40 అనుకుందాం. మీ కార్ట్ 540. కోడ్ వేయగానే 10 శాతం పోయి 486 అవుతుంది. పరిమితిని తగ్గింపు తర్వాతి మొత్తం మీద లెక్కించే దుకాణమైతే 40 డెలివరీ కలుస్తుంది, మొత్తం 526. మిగిలింది 54 కాదు, 14. డెలివరీ 60 అయితే 546 అవుతుంది, అంటే కోడ్ వేసినందుకు 6 నష్టం. చెక్‌అవుట్‌లో కోడ్‌తో ఒకసారి, కోడ్ లేకుండా ఒకసారి చివరి మొత్తం చూడండి. అరనిమిషం పని.

సేల్ మీద కోడ్ కూడా పడితే శాతాలు కూడవు. 1,000 వస్తువు 20 శాతం సేల్‌లో 800కి వస్తుంది, దాని మీద విద్యార్థి 10 శాతం పోతే 720. మొత్తం తగ్గింది 28 శాతమే. సేల్ లేని 1,000 వస్తువుకు 10 శాతం కోడ్‌తో పాటు 100 తగ్గించే కూపన్ ఉంటే, వరుస మారినా తేడా వస్తుంది: ముందు 10 శాతం పోయి తర్వాత 100 తగ్గితే 800, ముందు 100 తగ్గి తర్వాత 10 శాతం పోతే 810. వరుస మన చేతిలో ఉండటం అరుదు గానీ, వేరువేరు పెట్టెల్లో కోడ్‌లు అడిగే సైట్లలో మార్చి చూడొచ్చు. చాలాచోట్ల అసలు రెండు తగ్గింపులు కలవనివ్వరు. అప్పుడు విద్యార్థి కోడ్ కన్నా అందరికీ ఉన్న సేల్ పెద్దదైతే కోడ్‌ని పక్కన పెట్టేయడమే. విద్యార్థి కోడ్ పేరు చూసి అదే పెద్దదనుకుని, దాని కోసం సేల్ వదులుకునేవాళ్లు తక్కువేం కాదు.

కోడ్ అసలే పడకపోతే ముందు చూడాల్సింది మినహాయింపుల జాబితా. కొత్తగా విడుదలైన సరుకు, గిఫ్ట్ కార్డులు, కొన్ని పేరున్న బ్రాండ్లు, ఇప్పటికే ధర తగ్గినవి సాధారణంగా అందులో ఉంటాయి. కార్ట్‌లో అలాంటి వస్తువు ఒక్కటి ఉన్నా కొన్ని సైట్లు మొత్తం కోడ్‌నే తిప్పికొడతాయి. రెండు ఆర్డర్లుగా విడగొడితే పని జరుగుతుంది.

బస్సు, రైలు

రవాణా రాయితీకి డిస్కౌంట్ కార్డులతో సంబంధం తక్కువ. రవాణా సంస్థే సొంత దరఖాస్తు, సొంత ఫొటో కార్డు, కాలేజీ ముద్ర అడుగుతుంది. రోజూ తిరిగే విద్యార్థికి అన్ని రాయితీల్లోకీ పెద్దది ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. దీన్ని పక్కన పెట్టి బట్టల మీద 10 శాతం వెతకడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

పాస్ లెక్క తేలిక. పాస్ ధరను ఒక్కసారి ఛార్జీతో భాగించండి. నెల పాస్ 30 ఛార్జీలంత ఉందనుకోండి. వారానికి 5 రోజులు, రోజుకు రానూపోనూ 2 అంటే నెలకు 40 ప్రయాణాలు, పాస్ లాభం. మీ టైమ్‌టేబుల్‌లో తరగతులు 3 రోజులే ఉంటే 24. విడి టికెట్లే లాభం. పరీక్షలకు ముందు సెలవులున్న నెల, పండగ నెల విడిగా లెక్కవేయండి. ఏడాది పాస్ 9 నెలల పాసుల ధరకు ఇస్తున్నా, మీరు క్యాంపస్‌లో ఉండేది 8 నెలలే అయితే నెలనెలా కొనడమే చౌక. విడి టికెట్లకు కూడా విద్యార్థి ధర ఉంటే, భాగించాల్సింది ఆ తగ్గిన ఛార్జీతో. పూర్తి ఛార్జీతో భాగిస్తే పాస్ ఉన్నదానికన్నా మంచిదిగా కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్, సబ్‌స్క్రిప్షన్లు

ఏ కార్డూ అవసరం లేకుండా, కాలేజీ ఈమెయిల్ ఒక్కదానితో ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే. అర్హత ఉన్న సంస్థల విద్యార్థులకు మైక్రోసాఫ్ట్ వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ వెబ్ రూపాలు ఉచితం. ప్రోగ్రామింగ్ టూల్స్ ఉండే గిట్‌హబ్ స్టూడెంట్ డెవలపర్ ప్యాక్ 13 ఏళ్లు నిండి, డిగ్రీ లేదా డిప్లొమా ఇచ్చే కోర్సులో ఉన్నవాళ్లకు ఉచితంగా వస్తుంది. జెట్‌బ్రెయిన్స్ ప్రోగ్రామింగ్ టూల్స్‌కు ఏడాది ఉచిత లైసెన్సు ఇచ్చి, చదువుతున్నంతకాలం పొడిగిస్తారు. డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆటోడెస్క్‌దీ అదే పద్ధతి. ఇంజనీరింగ్ లెక్కలకు వాడే మ్యాట్‌ల్యాబ్ లాంటి ఖరీదైనవాటికి చాలా యూనివర్సిటీలు క్యాంపస్ మొత్తానికీ లైసెన్సు ముందే కట్టి ఉంటాయి. స్టూడెంట్ ధరకు కొనేముందు కాలేజీ ఐటీ విభాగం పేజీలో సాఫ్ట్‌వేర్ జాబితా చూడండి. అందులో ఉన్నదాన్ని సగం ధరకు కొన్నా దండగే.

వీటిలో చాలావాటికి షరతు ఒకటుంది: విద్యా లైసెన్సుతో డబ్బుకు పనిచేయకూడదు. ఫ్రీలాన్స్ పని ఉన్నవాళ్లు దానికి లిబ్రెఆఫీస్ (రాతపని, పట్టికలు), బ్లెండర్ (3డీ), ఇంక్‌స్కేప్ (బొమ్మల డిజైన్) లాంటి ఎవరికైనా ఉచితమైనవి వాడుకోవడం మంచిది.

సంగీతం, వీడియో సబ్‌స్క్రిప్షన్లలో స్పాటిఫై, యూట్యూబ్ రెండూ విద్యార్థి ధరను గరిష్ఠంగా 4 ఏళ్లే ఇస్తాయి, ఏటా మళ్లీ రుజువు అడుగుతాయి. ఆ రుజువు ఇవ్వడం మరిచిపోతే ఖాతా ఆగదు, పూర్తి ధరకు మారి నడుస్తూనే ఉంటుంది. ఐదారేళ్ల కోర్సులో ఉన్నవాళ్లు ఆ 4 ఏళ్లు ఏవో ఎంచుకోవాలి. ఇంట్లోవాళ్లతోనే ఉంటూ, వాళ్ల ఫ్యామిలీ ప్లాన్‌లో చోటుంటే మొదటి ఏడాది దాంతో గడిపి తర్వాత మొదలుపెట్టొచ్చు. ఫొటోషాప్ తయారుచేసే అడోబీ విషయంలో పెద్ద అక్షరాల్లో కనిపించే విద్యార్థి ధర మొదటి ఏడాదిదే. రెండో ఏడు తగ్గింపు ఉంటుంది కానీ ధర పెరుగుతుంది. నెలనెలా కడుతున్నా అది ఏడాది ఒప్పందమైతే, మధ్యలో ఆపితే రుసుము పడుతుంది. ఒక్క ప్రాజెక్టు కోసమైతే కాలేజీ ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్ వాడుకోవడం మేలు.

ఏ సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నా అదే రోజు ఫోన్ క్యాలెండర్‌లో ముగింపు తేదీకి 10 రోజుల ముందు ఒక గుర్తు పెట్టండి. గడువు రోజునే పెట్టుకుంటే, అప్పటికే కార్డులోంచి డబ్బు వెళ్లిపోయి ఉండొచ్చు.

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు

చదువుకాలంలో ఒక్కసారి పెట్టే పెద్ద ఖర్చు ఇది కాబట్టి, నాలుగు ధరలు ఒకే రోజు పక్కపక్కన రాయండి: తయారీదారు విద్యా స్టోర్ ధర, మామూలు దుకాణంలో సేల్ ధర, తయారీదారే బాగుచేసి వారంటీతో అమ్మే రిఫర్బిష్డ్ ధర, పోయిన ఏడాది మోడల్ ధర. విద్యా ధర ప్రతిసారీ అన్నిటికన్నా తక్కువ ఉండదు. రిఫర్బిష్డ్ దానికన్నా కిందికి రావచ్చు. పోల్చేటప్పుడు మెమరీ, స్టోరేజ్ సమానంగా ఉన్నాయో లేదో చూడండి. వారంటీ నెలలు కూడా రాయండి. విద్యా స్టోర్లు తరగతులు మొదలయ్యే సీజన్‌లో వస్తువు మీద ఇంకో వస్తువు ఉచితంగా ఇస్తుంటాయి. ఆ ఉచిత వస్తువు మీరు ఎలాగూ కొనేదైతేనే దాని ధరను లెక్కలో వేసుకోండి.

బ్యాంకు ఖాతా గురించి ఒక్క ముక్క: విద్యార్థి ఖాతాలో కనీస నిల్వ అక్కర్లేకపోవడమే అసలు లాభం, ఖాతా తెరిచినందుకు ఇచ్చే బహుమతి కాదు. చదువు అయ్యాక ఆ ఖాతా ఏ రకంలోకి మారుతుందో, అప్పుడు ఏ రుసుములు పడతాయో తెరిచే రోజే అడిగి రాయించుకోండి.

మీకు ఏది సరిపోతుంది

హాస్టల్లో ఉండి, క్యాంపస్ దాటి ఎక్కువగా వెళ్లనివాళ్లకు కాలేజీ ఐడీ, ఈమెయిల్, రెండు ఉచిత యాప్‌లు చాలు. డబ్బు కట్టే కార్డు వీళ్లకు దాదాపు ఎప్పుడూ గిట్టదు. రోజూ దూరం నుంచి వచ్చేవాళ్లు ముందు రవాణా పాస్ సంగతి తేల్చుకోవాలి, మిగతావన్నీ దాని తర్వాతే. విదేశంలో ఒక సెమిస్టర్ చదివేవాళ్లు, సెలవుల్లో దేశాలు తిరిగేవాళ్లు ఐసిక్ తీసుకోవచ్చు. వెళ్లబోయే ఊళ్లలో అది చెల్లే రెండు మూడు పెద్ద ఖర్చులు ముందే వెతికి, పైన చెప్పిన భాగహారం చేసి చూసుకోవాలి. పార్ట్‌టైమ్, దూరవిద్య విద్యార్థులు ఫీజు కట్టకముందే అర్హత నిబంధన చదవాలి. "పూర్తికాల" అన్న మాట ఉంటే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది, ఫీజు వెనక్కి రాకపోవచ్చు. ఇంజనీరింగ్, డిజైన్ చదివేవాళ్లకు సాఫ్ట్‌వేర్ ఒక్కదానిలో మిగిలేది, మిగతా కార్డులన్నీ కలిపి మిగిల్చేదానికన్నా ఎక్కువ ఉండొచ్చు. పుస్తకాల మీద రాయితీ వెతికేవాళ్లు మాత్రం ముందు లైబ్రరీకి వెళ్లండి. పాత ఎడిషన్‌లో అధ్యాయాల వరుస అదేనా అని ప్రొఫెసర్‌ని ఒక్క మాట అడిగితే, కొత్త పుస్తకం మీద 15 శాతం కన్నా అదే ఎక్కువ మిగిల్చే అవకాశం ఉంది.

కోడ్‌లు అమ్ముకోవడం, ఐడీని స్నేహితులకు ఇవ్వడం లాంటివి వద్దు. కోడ్ మీ పేరుకు కట్టేసి ఉంటుంది, పట్టుబడితే ఖాతా మూసేస్తారు. నిజంగా కావాల్సిన రోజు మళ్లీ తెరవడం కుదరదు.

చివరి సెమిస్టర్

కాలేజీ ఈమెయిల్ ఎప్పుడు మూతపడుతుందో ఐటీ విభాగాన్ని అడగండి. కొన్నిచోట్ల ఫలితాలు వచ్చిన కొద్దిరోజులకే మూసేస్తారు. ఆ తేదీకి నెల ముందే కూర్చుని, ఆ ఈమెయిల్‌తో తెరిచిన ఖాతాలన్నిటికీ సొంత ఈమెయిల్ మార్చండి. క్లౌడ్‌లో ఉన్న ఫైళ్లు దించుకోండి. ఏడాది లైసెన్సులకు పొడిగింపు మిగిలి ఉంటే, విద్యార్థిగా ఉండగానే చేయించుకోండి. నిబంధన ఒప్పుకుంటే ఆ ఏడాది పూర్తయ్యేదాకా నడుస్తుంది. ఆటో రెన్యూవల్ ఉన్నవాటిని ఒక్కొక్కటే తెరిచి, పూర్తి ధరకు ఉంచుకోదలుచుకోనివి రద్దు చేయండి. రద్దయినట్టు వచ్చిన మెయిల్ సొంత ఇన్‌బాక్స్‌లోకి పంపుకోండి. తర్వాత నెలలో డబ్బు కట్ అయితే చూపించడానికి ఆ మెయిల్ ఒక్కటే ఆధారం, కాలేజీ ఇన్‌బాక్స్ అప్పటికి తెరుచుకోదు.